సిఫార్సు చేయడం లేదు

ముప్పై మూడేళ్లు నేను రొయ్యల జబ్బుల గురించి చదివాను, చదివించాను. గోదావరి జిల్లాల్లోని ఒక విశ్వవిద్యాలయంలో, జంతుశాస్త్ర విభాగంలో లెక్చరర్‌గా చేరి, ప్రొఫెసరై, విభాగాధిపతిగా కూడా చేసి రిటైరయ్యాను. పదవీ విరమణ రోజున నా విద్యార్థులు ఒక సంచిక వేశారు. ‘సైన్సులో ఆడపిల్లలకు దారి వేసిన మనిషి’ అని దాని మొదటి పేజీలోనే రాశారు. ఆ సంచిక ప్రూఫులు నేనే దిద్దాను. అచ్చుతప్పులు చాలా పట్టుకున్నాను. ఆ వాక్యాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ప్రమోషన్లు, అవార్డులు, విదేశీ ప్రయాణాలు ఆ సంచికలో ఉన్నాయి. కావలసినవాళ్లు అక్కడ చూసుకోవచ్చు. అందులో లేనివి ఇక్కడ రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్లు, ముఖ్యంగా రేపు ఇంకొకరి కాగితం మీద సంతకం పెట్టబోయేవాళ్లు చదవాలని నా కోరిక.

చెరువుగట్టు

మాది భీమవరం దగ్గర ఊరు. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఆడపిల్ల చదువుకి మా ఇంట్లో అడ్డు లేదు. నేను ఉద్యోగంలో చేరేనాటికి మా చుట్టుపక్కల వరిచేలన్నీ రొయ్యల చెరువులవుతున్నాయి. జబ్బు వస్తే రాత్రికి రాత్రి చెరువు మొత్తం తేలిపోయేది. రైతులు చచ్చిన రొయ్యల్ని ప్లాస్టిక్ కవర్లో వేసుకుని మా విభాగానికి వచ్చేవారు.

విభాగంలో నేనొక్కదాన్నే ఆడమనిషిని. మా ప్రొఫెసర్ గారు మంచివారు. నన్ను అమ్మా అనే పిలిచేవారు. చెరువుల దగ్గరికి శాంపిళ్లకు వెళ్తానంటే, “మీరెందుకమ్మా ఎండలో? మగపిల్లలు తెస్తారు కదా. మీరు మైక్రోస్కోపు చూసుకోండి,” అన్నారు. ఎంతో దయగా అన్నారు. రెండేళ్లు వాళ్లు తెచ్చినవి చూస్తూ కూర్చున్నాను. పరిశోధన పత్రాలు వచ్చినప్పుడు, చెరువుకు వెళ్లినవాళ్ల పేర్లు ముందూ నా పేరు చివరా ఉండేవి. అప్పుడు తెలిసింది, ఆ దయకు నేనేం చెల్లిస్తున్నానో.

మూడో ఏడు ఎవరినీ అడక్కుండా బస్సెక్కి వెళ్లిపోయాను. గట్ల మీద ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండేది కాదు. పొద్దున్న లేచినప్పటి నుంచి మంచినీళ్లు ముట్టకుండా వెళ్లి, సాయంత్రం ఇంటికొచ్చి తాగేదాన్ని. రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంతో పడుకున్నాను. కారణం ఎవరికీ చెప్పలేదు.

బాబు పుట్టాక నలభయ్యో రోజున ల్యాబ్‌లో ఉన్నాను. ఇంట్లో అమ్మ పిల్లాణ్ణి చూసుకునేది. పాలు వచ్చి జాకెట్టు తడిసిపోతే, మీద ల్యాబ్ కోటు వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, మే నెల ఎండల్లో సాయంత్రం దాకా అలాగే పనిచేసేదాన్ని. ఎవరూ కనిపెట్టలేదు. అదొక గెలుపనుకున్నాను.

నా తప్పు అక్కడే మొదలైంది. నేను పడ్డ కష్టం ఇంకొకరు పడకూడదని నాకు తోచలేదు. అది పడగలగడమే అర్హత అనుకున్నాను. నేను విభాగాధిపతినయ్యాక చెరువుల దగ్గర మాకు రెండు షెడ్లు కట్టారు. ప్లాన్ నా బల్ల మీదికే వచ్చింది. మేత గదీ జనరేటర్ గదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టాను. మరుగుదొడ్డి గీయమని అడగాలన్న ఊహే రాలేదు. అమ్మాయిలకు మాత్రం, “శాంపిళ్లకు వెళ్లే రోజు పొద్దున్నే కాఫీ తాగకండి,” అని చెప్పేదాన్ని, అదేదో పనిలో మెలకువ అన్నట్టు. ఒకమ్మాయి ఆకివీడు దగ్గర గట్టు మీద కళ్లు తిరిగి పడిపోతే, సరిగ్గా తిండి తినాలమ్మా అని మందలించి పంపాను.

నా చేత అడిగించిన ప్రశ్న

ప్రొఫెసర్‌నయ్యాక ఇంటర్వ్యూలకు సబ్జెక్టు నిపుణురాలిగా పిలిచేవారు. కమిటీలో ఒక ఆడమనిషి ఉండాలన్న నిబంధన కూడా అప్పటికి ఉంది. నాకు గర్వంగా ఉండేది.

ఒకసారి ఒకమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. అడిగినవన్నీ తడుముకోకుండా చెప్పింది. ఆ రోజు వచ్చినవాళ్లందరిలో తనే మెరుగు. చివర్లో కమిటీ పెద్దాయన నా వైపు తిరిగి, “మేడం, మీరేమైనా అడుగుతారా అండి?” అన్నారు. ఏం అడగాలో ఆయన చెప్పలేదు, నాకు చెప్పాల్సిన అవసరమూ లేదు. మీ వారు ఏ ఊళ్లో చేస్తారు, పిల్లలెంతమంది, చిన్నవాడికి ఎన్నేళ్లు అని నేను అడిగాను. ఆ అమ్మాయి జవాబు చెబుతూ కమిటీని వదిలేసి నన్నొక్కదాన్నే చూసింది. ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది.

అదే ప్రశ్న ఇంకా చాలా గదుల్లో అడిగాను. మగవాళ్లు అడిగితే బాగుండదు, ఆడమనిషి అడిగితే ఆప్యాయతలా వినిపిస్తుంది. నన్ను అక్కడ కూర్చోబెట్టింది అందుకేనని తెలిసేసరికి నేను రిటైరై రెండేళ్లయింది.

నాగమణి

నా దగ్గర పిహెచ్‌డి చేసినవాళ్లలో నాగమణి అంత పనిమంతురాలు ఇంకొకరు లేరు. పిఠాపురం అమ్మాయి. తండ్రి సత్యనారాయణ గారు పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. తల్లి లేదు. నా దగ్గర చేరిన రోజున ఆయన కూతుర్ని తీసుకొచ్చి, “మా పిల్లని మీ చేతుల్లో పెడుతున్నానమ్మా,” అన్నారు.

అప్పట్లో రైతులందరి ప్రశ్నా ఒక్కటే. జబ్బు చెరువులోకి నీళ్లతో వస్తోందా, రొయ్య పిల్లల్ని పొదిగించే హేచరీ నుంచి తెచ్చిన పిల్లతోనే వస్తోందా? రైతులు ఆ పిల్లని సీడ్ అంటారు. దీన్ని తేల్చాలంటే సీడ్ వదలకముందు ఒకసారి, వదిలాక వారం వారం, పంట చేతికి వచ్చేదాకా అవే చెరువులు పట్టుకుని తిరగాలి. నాగమణి మూడు పంటలు తిరిగింది. రైతులు మొదట్లో నవ్వారు. తర్వాత తర్వాత వల వేసే ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేసేవారు. ఆమె నోటుపుస్తకాలు ఏడు. ప్రతి పేజీలో చెరువు పటం, ఆ రోజు వాన, గాలి, మేత ఎంత మిగిలింది, అన్నీ ఉండేవి. జబ్బు ఎక్కువగా సీడ్‌తోనే వస్తోందని ఆ పుస్తకాలు చెప్పాయి.

నాలుగో ఏడు మధ్యలో ఆమె గర్భవతి అయింది. ఏడో నెలలో నా గదికొచ్చి ఒక దరఖాస్తు ఇచ్చింది. ప్రసూతి సెలవు, గడువు ఒక ఏడాది పొడిగింపు. రెండూ నిబంధనల్లో ఉన్నవే. నేను సిఫార్సు రాస్తే చాలు.

ఆ కాగితం చదువుతుంటే నాకు ముందుగా కోపం వచ్చింది. ఎందుకో అప్పుడు నన్ను నేను అడగలేదు. ఈ చెరువుల పని మీదే నడుస్తున్న ప్రాజెక్టు తుది నివేదిక పంపాల్సిన సమయం. అదీ కాక, ఆడమనిషి హెడ్డు కాబట్టి ఆడపిల్లలకు సడలింపులిస్తుందని తోటి ప్రొఫెసర్లు అంటారేమోనని నాకు ఎప్పుడూ భయంగా ఉండేది. ఇవి రెండూ కారణాలే. కానీ అసలు సంగతి వేరు. నలభయ్యో రోజున నేను రాగలిగినప్పుడు ఈ అమ్మాయి ఎందుకు రాకూడదు అన్నదే నా మనసులో ఉంది.

“నేను పచ్చి బాలింతగా ఈ ల్యాబ్‌లో పనిచేశాను. నా కోసం ఎవరూ గడువు పెంచలేదు,” అన్నాను. “రెండూ కావాలంటే నాలా ఉండాలి. లేదంటే ఒకటి వదులుకోవాలి. నీకు ఏది కావాలో ఇంట్లో కూర్చుని ఆలోచించుకో.”

నాగమణి నిలబడే ఉంది. కూర్చోమని నేను అనలేదు. “సెలవు రూల్‌లో ఉందండి మేడం,” అని మెల్లగా అంది.

“రూల్ ఉంటే నా దగ్గరికెందుకు వచ్చావు?” అన్నాను.

ఆమె వెళ్లాక ఆ కాగితం మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశాను. పనిలో పురోగతి సంతృప్తికరంగా లేదు. సిఫార్సు చేయడం లేదు. రెండో వాక్యం నా ఇష్టం అనుకుందాం. మొదటిది పచ్చి అబద్ధం. ఏడు నోటుపుస్తకాలు నా బీరువాలోనే ఉన్నాయి.

అదే సంవత్సరం నా ఇంకో విద్యార్థి ప్రసాద్ గడువు పొడిగింపు అడిగాడు. అంతకుముందోసారి గ్రూప్ వన్ కోచింగ్‌కని అడిగితే ఇచ్చాను. ఈసారి ఇల్లు కట్టుకుంటున్నానండి అన్నాడు. వరండాలో నడుస్తూ, గోడకు ఆనించి సంతకం పెట్టాను. మగపిల్లాడు, బాధ్యతలుంటాయి అనుకున్నాను. ఈ రెండు కాగితాలకూ మధ్య నెల కూడా తేడా లేదు.

నాగమణి మళ్లీ రాలేదు. నివేదిక ఆగకూడదని ఆమె నోటుపుస్తకాలు ప్రసాద్‌కి ఇచ్చాను. అతను పట్టికలు వేశాడు, నేను రాశాను. మంచి పత్రికలోనే అచ్చయింది. ప్రసాద్ పేరు, నా పేరు. చివర కృతజ్ఞతల్లో, శాంపిళ్ల సేకరణలో సహకరించినందుకు నాగమణికి ధన్యవాదాలు అని ఒక ముక్క. ఆ పత్రం బలంతోనే ప్రసాద్‌కి మా విభాగంలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు విభాగాధిపతి అతనే.

వ్యక్తిగత కారణాలు

రిటైరయ్యాక రెండేళ్లకు విశ్వవిద్యాలయం వారు ఒక కమిటీ వేశారు. ఎమ్మెస్సీలో సగానికి పైగా కనిపించే ఆడపిల్లలు ప్రొఫెసర్ల గదులకు వచ్చేసరికి ఎక్కడికి పోతున్నారో తేల్చి, ఏం చేయాలో చెప్పాలి. అధ్యక్షత నన్ను వహించమన్నారు. ఈ పనికి నాకంటే తగినవారు ఉండరని నేనూ అనుకున్నాను.

కమిటీకి పనంతా చేసిపెట్టింది అనూష అనే అసిస్టెంట్ ప్రొఫెసర్. నెమ్మది మనిషి. చదువు మధ్యలో మానేసిన పరిశోధక విద్యార్థినుల పాత ఫైళ్లన్నీ తవ్వి తీసింది. మా విభాగానివి తొమ్మిది వచ్చాయి. ఒక మధ్యాహ్నం వాటిని బల్ల మీద వరసగా పెట్టి, “మేడం, వీటిలో ఆరింటి మీద సంతకం మీదేనండి,” అంది.

చూశాను. చేతిరాత నాదే. ఒకదాని మీద ‘ఆసక్తి తగ్గింది’ అని ఉంది. ఒకదాని మీద ‘కుటుంబ పరిస్థితుల వల్ల నిలకడ లేదు.’ నాగమణిది నాలుగోది. మిగతా వాళ్లలో ఇద్దరి ముఖాలు కూడా నాకు గుర్తు రాలేదు.

ఆ క్షణంలోనైనా నిజం ఒప్పుకుని ఉండవచ్చు. నేను అన్నది ఇది. “కారణాల కాలమ్‌లో వ్యక్తిగత కారణాలు అని వేసెయ్యమ్మా.”

“వేయమంటే వేస్తానండి,” అంది అనూష. “కానీ ఆ మాట వెనకాల ఏముందో చూడ్డానికే కదండీ మన కమిటీ.”

తర్వాత నెలలో నివేదిక సమర్పించే సభ జరిగింది. వైస్ ఛాన్సలర్ గారు, డీన్లు, అమ్మాయిలు, హాలు నిండిపోయింది. నాగమణి కథ చెప్పాలనే వెళ్లాను. చెప్పాను కూడా. పేరు చెప్పకుండా, ఒక విద్యార్థిని అన్నాను. బాగానే ఉంది. కానీ నన్ను కూడా ‘ఒక విభాగాధిపతి’ అన్నాను. ఆ విభాగాధిపతి ఏమన్నారో, ఏం రాశారో, ఎంత అన్యాయమో గొంతు వణికేలా చెప్పాను. అమ్మాయిలు చాలాసేపు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ప్రసాద్ కూడా కొట్టాడు. ఆ విభాగాధిపతి మగవాడని హాల్లో అందరూ అనుకున్నారని కిందికి దిగాక వాళ్ల మాటలను బట్టి తెలిసింది. ఎవరికీ కాదని చెప్పలేదు. నా జీవితంలో నేను చేసిన పనులన్నింటిలో ఇది తలుచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గు. మిగతావి కోపంలోనో, గర్వంలోనో, తెలియకో చేశాను. ఇది తెలిసి చేశాను.

రెండు రోజుల తర్వాత అనూష నా ఫోన్‌కి ఒక నంబరు పంపింది. కింద నాగమణి అని పేరు, అంతే.

పిఠాపురం

ఫోన్ చేయడానికి మూడు వారాలు పట్టింది. చేస్తే, ఆదివారం ఇంట్లోనే ఉంటాను రండి మేడం అంది. రాజమండ్రిలో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కాను.

తలుపు తీసింది సత్యనారాయణ గారు. బాగా వంగిపోయారు. నన్ను గుర్తుపట్టి, తుండు భుజం మీంచి తీసేసి, “రండమ్మా, మా ఇంటికి మీరు రావడమా,” అని కుర్చీ తుడిచి వేశారు. నాగమణి లోపల్నించి వచ్చి నమస్కారం పెట్టింది. తునివైపు సముద్రం ఒడ్డున ఒక హేచరీలో ల్యాబ్ చూస్తోందట. సీడ్‌లో జబ్బు ఉందో లేదో పరీక్ష చేసి పంపే పని. భర్త తునిలో బ్యాంకులో చేస్తారు. పాప ఏడో తరగతి.

నాగమణి కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆవిడ అటు తిరిగిందో లేదో, సత్యనారాయణ గారు చేతులు కట్టుకుని నా ఎదుట నిలబడ్డారు.

“మీకు ఎప్పటి నుంచో చెప్పాలనుకుంటున్నానమ్మా,” అన్నారు. “మీరు అంత శ్రద్ధగా చెప్పినా మా అమ్మాయి నిలబెట్టుకోలేకపోయింది. నాలుగేళ్లు మీ కష్టం వృథా చేసింది. సగంలో వదిలేయడం దానికి అలవాటైపోయింది. మీకు మాట తెచ్చాం. ఏమనుకోకండమ్మా.”

నాగమణి గుమ్మంలో ఉంది. విన్నది. నన్ను చూసింది. “అయ్యో, అలాంటిదేం లేదండి,” అని కాఫీ తాగాను. ఆయన దాన్ని నా పెద్దమనసు అనుకుని మళ్లీ నమస్కారం పెట్టారు.

స్టేషన్ దాకా నాగమణి నాతో నడిచింది. కొంత దూరం వెళ్లాక, నాన్నగారికి నువ్వేం చెప్పావని అడిగాను.

“నాకే చేతకాక మానేశానని చెప్పానండి,” అంది. “మీరు అన్న మాట ఆయనకి చెప్పలేదు. మిమ్మల్ని దేవుడిలా అనుకునేవారు. మా ఆయనకి కూడా చెప్పలేదండి. మొదట్లో మీ మీద కోపం వచ్చేది. తర్వాత్తర్వాత నిజంగానే నాకు చేతకాలేదేమో అనిపించేది. పని బాగాలేదని రాశారు కదండీ. మీకంటే ఎవరికి తెలుస్తుంది?”

అప్పుడు చెప్పాను. పని బాగుందని, ఆ విషయం రాసేటప్పుడు కూడా నాకు తెలుసని. ఆమె రోడ్డు మీదే ఆగిపోయింది. ఏడవలేదు. కాసేపు అటువైపు వెళ్తున్న ఆటోలను చూసింది. పన్నెండేళ్లు మోసిన బరువు అబద్ధమని ఒక మనిషికి రోడ్డు పక్కన చెప్పాను. ఆ మాట చెప్పడంతో నాకు తేలికైంది గానీ ఆమెకు కాలేదు.

క్షమించమని అడిగాను. “అదంతా నాకు తెలియదండి మేడం,” అంది. పత్రికకు రాసి ఆమె పేరు మొదట వేయిస్తానని, తప్పు ఒప్పుకుంటానని చెప్పాను.

“రాయండి. రాయాలి కూడా,” అంది. “కానీ అది ఇంగ్లీషులో వస్తుంది, మా ఇంట్లో ఎవరు చదువుతారండి? తెలుగులో రాయండి. నాన్నగారు తెలుగు అచ్చులో ఏదొచ్చినా వదలకుండా చదువుతారు. నేను చెబితే ఇప్పుడు నమ్మరు. మీరు రాస్తే నమ్ముతారు.”

రైలొచ్చింది. సంచి అందించి వెనక్కి వెళ్లిపోయింది.

ఆ తర్వాత

పత్రికకు రాశాను. సంగతి తెలిసి ప్రసాద్ ఫోన్ చేశాడు. “ఇప్పుడెందుకండీ మేడం ఇదంతా? ఆవిడ అడగలేదు కదా,” అన్నాడు. అడగకపోవడమే మనకి ఇన్నాళ్లూ కలిసొచ్చింది నాయనా అన్నాను. సవరణ అచ్చవాలంటే అతని సమ్మతి కూడా కావాలని పత్రికవారు అడిగారు. అతను ఇంకా ఇవ్వలేదు. అతన్ని పెద్దగా తప్పుపట్టలేను. ఆ పద్ధతి నేర్పింది నేనే.

వైస్ ఛాన్సలర్ గారికి కూడా ఒక ఉత్తరం ఇచ్చాను, సభలో చెప్పిన విభాగాధిపతిని నేనేనని. మిగతా అయిదుగురి చిరునామాలు అనూష వెతుకుతోంది. ఇద్దరు దొరికారు. ఒకావిడ నా గొంతు వినగానే ఫోన్ పెట్టేసింది.

కొత్తగా వస్తున్నవాళ్లకు నేను చెప్పగలిగేది కొంచెమే. నిబంధనలో ఉన్నదాన్ని మీ దయలా ఇవ్వకండి, మీ కష్టంతో కొలిచి ఆపకండి. ‘వ్యక్తిగత కారణాలు’ అన్న మాట ఫైల్లో కనిపిస్తే దాని కింద ఎవరి సంతకం ఉందో చూడండి. మీదే అయి ఉండవచ్చు.

ఇక మిగిలింది ఒకరికి చెప్పాల్సింది.

సత్యనారాయణ గారూ, ఆ ఆదివారం మీ ఇంట్లో మీరు నన్ను క్షమాపణ అడిగారు. నేను కాఫీ తాగుతూ ఊరుకున్నాను. మీ అమ్మాయి పని నా ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేను చూసినవాటిలోకెల్లా మంచిది. అది బాగాలేదని నేను అబద్ధం రాశాను. ఆమె చేసినదాన్ని ఇంకొకరి పేరుతో అచ్చు వేయించాను. మిమ్మల్ని బాధపెట్టకూడదని, నన్ను మీ దగ్గర చిన్నబుచ్చకూడదని, ఆ నింద పన్నెండేళ్లు మీ ఇంట్లోనే, మీ నోటి నుంచే, ఆమె పడింది.

నాగమణి సగంలో వదిలేయలేదండి. నేను మాన్పించాను.